గణిత నమూనాలు – పరిశోధన ఉద్యోగాలు: భారతీయ సాంఖ్యక సంస్థ తొలిదశ ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక శాస్త్రంలో శిక్షణ పొందినవారు మరొక శాస్త్రానికి చెందిన సమస్యకు గణిత నమూనాను నిర్మించే పరిశోధన ఉద్యోగాలు నేడు సర్వసాధారణమయ్యాయి. ఈ ఉద్యోగాలు భారతదేశంలో ఏ అవసరం నుండి పుట్టాయి, వాటిలోకి తొలితరం వారు ఏ దారిన ప్రవేశించారు అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1904లో గిల్బర్ట్ వాకర్ నియామకం మొదలుకొని 1961లో జె.బి.ఎస్. హాల్డేన్ కలకత్తా సంస్థను వీడే వరకు గల కాలం దీని పరిధి. తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు జీవితంలోని 1940–1948 మధ్యకాలం దీనికి ప్రధాన ఆధారం. ఇటువంటి ఉద్యోగాలను తొలుత సృష్టించినవి సమస్యలే గాని విశ్వవిద్యాలయ శాఖలు కావనీ, వ్యక్తిగత పరిచయంపై ఆధారపడిన ప్రవేశాన్ని అందరికీ అందే మార్గంగా మలచడం శిక్షణ తరగతి వల్లనే సాధ్యమైందనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గణిత నమూనా, సాంఖ్యకశాస్త్రం, భారతీయ సాంఖ్యక సంస్థ, మహలనోబిస్, సి.ఆర్. రావు, అంతర్‌శాస్త్రీయ పరిశోధన, శిక్షణ.

1. ప్రవేశిక

పరిశోధన సంస్థలు నేడు వెలువరించే ఉద్యోగ ప్రకటనల్లో అడిగే అర్హతకూ అప్పగించే పనికీ మధ్య తరచుగా ఒక దూరం కనిపిస్తుంది. అర్హతగా గణితంలోనో, భౌతికశాస్త్రంలోనో, కంప్యూటర్ శాస్త్రంలోనో పట్టా అడుగుతారు. చేయవలసిన పని మాత్రం రుతుపవనాల రాకను అంచనా కట్టడమో, అంటువ్యాధి వ్యాప్తిని లెక్కించడమో, పంట ఎదుగుదలను ముందుగా చెప్పడమో, భాషలోని పదనిర్మాణాన్ని యంత్రానికి నేర్పడమో అయి ఉంటుంది. ఏ శాఖలో చదివినవారు ఏ శాఖ పని చేయాలి అన్న ప్రశ్నకు ఈ ఉద్యోగాలు పాత పద్ధతిలో జవాబు చెప్పవు. ఈ స్థితి కంప్యూటర్ యుగంలోనే కొత్తగా ఏర్పడిందన్న భావన ఉంది. చరిత్ర దీనిని సమర్థించదు. కంప్యూటర్ అన్న మాట ఇంకా మనిషి చేసే ఉద్యోగానికి పేరుగా ఉన్న రోజుల్లోనే ఇటువంటి పదవులు భారతదేశంలో ఏర్పడ్డాయి.

ముందుగా పరిభాష విషయం చెప్పుకోవాలి. తెలుగులో నమూనా అనే మాట రెండు వేర్వేరు అర్థాల్లో వాడుకలో ఉంది. రాశి నుండి మచ్చుకు తీసిన భాగం మొదటి అర్థం. ఒక వస్తువు లేదా ప్రక్రియ స్వభావాన్ని తెలియజేసే ప్రతిరూపం రెండవది. సాంఖ్యకశాస్త్రంలో ఈ రెండూ వేర్వేరు భావనలు గనుక ఈ వ్యాసంలో నమూనా అనే మాటను రెండవ అర్థంలోనే వాడడం జరిగింది. మొదటి అర్థానికి మచ్చు అనే మాటను గ్రహించడమైనది. ప్రకృతిలోనో సమాజంలోనో జరిగే ఒక ప్రక్రియను కొన్ని రాశులుగా, వాటి మధ్య సంబంధాలుగా కుదించి చూపే గణిత రూపమే ఇక్కడ గణిత నమూనా.

2. వానల లెక్కకు గణితవేత్త: 1904

భారత వాతావరణ విభాగం 1875లో ఏర్పడింది. 1876–78 నాటి కరవు దక్షిణ భారతాన్ని, ప్రత్యేకించి మద్రాసు రాజధానిని, అతలాకుతలం చేసింది. తెలుగు ప్రాంతాల్లో ధాత కరవు పేరుతో అది జనం జ్ఞాపకంలో నిలిచిపోయింది. రుతుపవనాలను ముందుగా అంచనా వేయడం పాలనాపరమైన అవసరంగా మారడానికి ఈ కరవు ఒక ప్రధాన కారణం. విభాగపు తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాలపై పడే మంచుకూ తరువాతి వానలకూ సంబంధం ఉందన్న ఆలోచన ఆధారంగా 1886 నుండి క్రమబద్ధంగా అంచనాలు వెలువరించారు. ఆయన తరువాత వచ్చిన జాన్ ఇలియట్ కాలంలో అంచనాలు విస్తరించాయి. అయితే 1899 నాటి తీవ్ర అనావృష్టిని విభాగం ముందుగా పసిగట్టలేకపోయింది. పరిశీలన కేంద్రాలు, వాటి దస్తావేజులు పెరుగుతున్నాయి. వాటిని చదివే పద్ధతి మాత్రం పెరగలేదు.

ఈ నేపథ్యంలో 1904లో గిల్బర్ట్ వాకర్ విభాగానికి అధిపతి అయ్యారు. కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో 1889లో ప్రథమ స్థానం పొందిన వాకర్‌కు అంతకుముందు వాతావరణశాస్త్రంలో అనుభవం లేదు. ఆయన పరిశోధన విద్యుదయస్కాంతశాస్త్రం, గతిశాస్త్రాలకు చెందినది. విసిరినవాని వద్దకే తిరిగి వచ్చే బూమరాంగ్ గమనంపై కూడా ఆయన పని చేశారు. వాన ఎందుకు కురుస్తుందో ముందుగా సిద్ధాంతీకరించి ఆపై అంచనా వేయడం నాటి జ్ఞానంతో సాధ్యం కాదని వాకర్ గ్రహించారు. అందువల్ల ప్రపంచంలోని వేర్వేరు కేంద్రాల పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలను జతలుగా తీసుకొని వాటి మధ్య సహసంబంధాలను లెక్కించే మార్గాన్ని ఎంచుకున్నారు.

ఈ మార్గంలో ఒక ప్రమాదం ఉంది. వందలాది జతలను పరిశీలిస్తే వాటిలో కొన్ని కేవలం యాదృచ్ఛికంగానే బలమైన సంబంధాన్ని చూపుతాయి. ఈ ప్రమాదాన్ని వాకర్ స్వయంగా గుర్తించి, ఒక సంబంధాన్ని నిజమైనదిగా ఎప్పుడు స్వీకరించాలన్న కొలమానంపై 1914లో రాశారు. ఇరవై ఏళ్ల లెక్కల ఫలితంగా పసిఫిక్, హిందూ మహాసముద్ర ప్రాంతాల మధ్య పీడనం ఒకచోట పెరిగితే మరొకచోట తగ్గే డోలనాన్ని ఆయన గుర్తించి, 1924 నాటికి దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. సముద్రజలాల ఉష్ణోగ్రతతో దానికి గల భౌతిక సంబంధాన్ని యాకబ్ బ్యెర్క్‌నెస్ 1969లో వివరించేదాకా ఆ ఆవిష్కరణ పూర్తి అర్థం తెలియలేదు. పని జరిగిన నలభై అయిదేళ్లకు దాని విలువ స్పష్టమైందన్నమాట.

వాకర్ నియామకంలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, గణితవేత్తకు వాతావరణ విభాగంలో స్థానం కల్పించింది ఒక విశ్వవిద్యాలయ శాఖ కాదు, కరవు లేవనెత్తిన ప్రశ్న. రెండవది, ఆ స్థానం కేంబ్రిడ్జ్ పట్టా, సామ్రాజ్య పాలనతో సంబంధం ఉన్నవారికే అందుబాటులో ఉండేది. సిమ్లా కార్యాలయంలో ఆ లెక్కలను కట్టిన భారతీయ గుమాస్తాలకు అటువంటి పదవి అందే దారి దాదాపు లేదు.

3. పొలం దస్తావేజులు: 1919

ఇంగ్లాండులోనూ ఇదే కాలంలో ఇటువంటి పరిణామమే జరిగింది. భారతీయ ఉదాహరణకు దానితో నేరుగా సంబంధం ఉన్నందువల్ల ఇక్కడ క్లుప్తంగా ప్రస్తావించాలి. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుండి గోధుమ మడుల దిగుబడి, ఎరువుల వివరాలు పోగుపడ్డాయి. ఆ అంకెల నుండి ఇంకా ఏమైనా రాబట్టవచ్చునేమో చూడడానికి కేంద్ర సంచాలకులు జాన్ రస్సెల్ 1919లో రొనాల్డ్ ఫిషర్‌ను తాత్కాలికంగా నియమించారు. ఫిషర్ గణితం చదివినవారు. అప్పటికి పాఠశాల ఉపాధ్యాయునిగా పని చేస్తున్నారు. ఆ తాత్కాలిక ఉద్యోగం పద్నాలుగేళ్లు కొనసాగింది. ప్రయోగాల రూపకల్పన, విస్తృతి విశ్లేషణ అనే రెండు పద్ధతులు ఆ పొలం నుండే వచ్చాయి. ఆధునిక సాంఖ్యకశాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యులైన ఫిషర్ తరువాతి కాలంలో అధిష్ఠించిన రెండు ఆచార్య పదవుల్లో ఒక్కటీ సాంఖ్యకశాస్త్రం పేరుతో లేదు. 1933లో లండన్‌లో అలంకరించిన పీఠం యూజెనిక్స్ పేరుతోనూ, 1943లో కేంబ్రిడ్జ్‌లో పొందినది జన్యుశాస్త్రం పేరుతోనూ ఉన్నాయి. పని ముందు, పేరు తరువాత అన్న క్రమానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

4. ప్రెసిడెన్సీ కళాశాల నుండి సంస్థ దాకా

ప్రశాంతచంద్ర మహలనోబిస్ కేంబ్రిడ్జ్‌లో భౌతికశాస్త్రం పూర్తి చేసి, 1915లో కలకత్తాకు తిరిగివచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో అదే శాస్త్రం బోధించారు. 1920లో నాగపూర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ సమావేశంలో జంతుశాస్త్ర సర్వేక్షణ సంచాలకులు నెల్సన్ అనండేల్‌తో ఆయన చర్చించారు. కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించే పని అనండేల్ ఆయనకు అప్పగించారు. వాటి ఆధారంగా మహలనోబిస్ తొలి సాంఖ్యక వ్యాసం 1922లో వెలువడింది. అదే ఏడాది నుండి 1926 వరకు ఆయన కళాశాల ఉద్యోగంతోపాటు అలీపూర్ పరిశీలనాలయంలో వాతావరణ నిపుణుడిగా బాధ్యత వహించారు. ఆ తొలి సంవత్సరాల్లో విభాగపు అధిపతి గిల్బర్ట్ వాకరే. ఎగువ వాతావరణ కొలతల్లోని దోషాలపై మహలనోబిస్ చేసిన పని ఆ సంబంధం వల్ల వచ్చినదే. ఉత్తర బెంగాల్, ఒడిశా వరదల విశ్లేషణ, తరువాత జనుము సాగు విస్తీర్ణపు అంచనా మొదలైనవన్నీ ఆయన వద్దకు ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి.

కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఏర్పడిన సాంఖ్యక ప్రయోగశాల 1931 డిసెంబరు 17న భారతీయ సాంఖ్యక సంస్థగా రూపుదిద్దుకొంది. 1933లో దాని పత్రిక సాంఖ్య ప్రారంభమైంది. సంస్థలో తొలుత చేరినవారిలో సాంఖ్యకశాస్త్రంలో పట్టా ఉన్నవారు లేరు. నాటికి దేశంలో అటువంటి పట్టాయే లేదు. రాజచంద్ర బోస్ ఒక కళాశాలలో గణిత అధ్యాపకులుగా ఉంటూ పాక్షిక కాలం పనికి వచ్చారు. ఆయన అభిమాన విషయం జ్యామితి. సమరేంద్రనాథ్ రాయ్ అనువర్తిత గణితం చదివినవారు. జ్యామితి తెలిసిన వ్యక్తి పొలంలో మడుల అమరికను నిర్ణయించే స్థితి ఈ విధంగా ఏర్పడింది.

మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన సాధారణీకృత దూరం, అంటే డి-స్క్వేర్, ఈ కాలపు పద్ధతికి మంచి ఉదాహరణ. రెండు జనసమూహాల మధ్య పోలిక ఎంత అన్నది ప్రశ్న. ఎత్తు, కాలి పొడవు, తల పొడవు వంటి కొలతలన్నింటిలోని తేడాలను కలిపితే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కాని పొడవైనవారికి కాళ్లూ పొడవుగానే ఉంటాయి. కనుక రెండింటినీ విడివిడిగా కలిపితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. కొలతల మధ్య ఉన్న ఈ పరస్పర సంబంధాన్ని తొలగించి దూరాన్ని లెక్కించడమే డి-స్క్వేర్ ప్రత్యేకత. మనుషుల తలలు కొలవడం నుండి పుట్టిన ఈ సూత్రం నేడు యంత్రాభ్యసనం వరకు విస్తరించింది.

ఇక్కడ ఒక పరిమితిని కూడా గుర్తించాలి. పోల్చవలసిన సమూహాలను గణితం ఏర్పరచలేదు. కులం, తెగ, జాతి అనే వర్గాలు వలసపాలన నాటి జనగణన, మానవశాస్త్రాల నుండి వచ్చినవి. నమూనా ఆ వర్గాల మధ్య దూరాన్ని కచ్చితంగా చెప్పగలిగింది గాని ఆ వర్గాలు సరైనవేనా అని దానంతట అది ప్రశ్నించలేదు. ఒక శాస్త్రం నుండి మరొక శాస్త్రానికి వెళ్లిన గణితవేత్త ఆ శాస్త్రపు అంకెలతోపాటు దాని ఊహలను కూడా స్వీకరిస్తాడన్నది ఈ ఉద్యోగ స్వభావంలోనే ఉన్న సమస్య.

5. కలకత్తాలో రాని ఉద్యోగం: 1940

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న నాటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పోలీసు శాఖ ఉద్యోగి కావడం వల్ల బాల్యం గూడూరు, నూజివీడు, నందిగామ మొదలైన ఊళ్లలో గడిచింది. తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి 1940లో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టాను ప్రథమ శ్రేణిలో పొందారు.

అప్పటికి రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్నది. సైనిక సర్వే విభాగంలో గణితం తెలిసినవారికి ఉద్యోగం ఉందని తెలిసి రావు ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అయితే తాను బస చేసిన హోటల్లో సాంఖ్యక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒక యువకుడు ఆయనకు తారసపడ్డాడు. ఆ యువకునితో కలిసి సంస్థను చూసిన రావు అక్కడి శిక్షణకు దరఖాస్తు చేశారు. 1941 జనవరి 1న అందులో చేరారు. ఈ సంఘటనను రావు తరువాతి కాలంలో పలుమార్లు గుర్తు చేసుకున్నారు.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా అదృష్టానికి ఉదాహరణగా చెబుతారు. చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో వేరొక అంశం ముఖ్యమైనది. హోటల్లో పరిచయం యాదృచ్ఛికమే. కాని ఆ పరిచయం ఫలించడానికి ఒక శిక్షణ తరగతి ఉండాలి. ఆ తరగతి ఇతర ప్రాంతాల నుండి వచ్చినవారిని చేర్చుకోవాలి. అందులో చేరడానికి సాంఖ్యకశాస్త్రంలో ముందుగా పట్టా ఉండవలసిన అవసరం ఉండకూడదు. ఈ మూడూ అక్కడ ఉన్నాయి. మహలనోబిస్‌తో పరిచయం గాని, కలకత్తాలో బంధుత్వం గాని లేని తెలుగు యువకుడు విశాఖపట్నం నుండి వచ్చి సంస్థలో ప్రవేశించగలిగింది ఆ తరగతి తలుపు నుండే.

1941లోనే కలకత్తా విశ్వవిద్యాలయం సాంఖ్యకశాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభించింది. రావు ఆ తొలి బృందంలో చేరి 1943లో ప్రథమ శ్రేణిలో, ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. ఆపై సంస్థలో సాంకేతిక అప్రెంటిస్‌గా చేరి, విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పారు. అంచనా సిద్ధాంతం బోధిస్తుండగా వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం లేవనెత్తారు. మచ్చు పరిమాణం చాలా పెద్దదైనప్పుడు అంచనా కచ్చితత్వానికి ఫిషర్ చెప్పిన హద్దు, చిన్న మచ్చుకు కూడా వర్తిస్తుందా అన్నది ఆ సందేహం. దానికి రావు వెతికిన సమాధానం 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన వ్యాసంలో చేరింది. ఎంత నేర్పుగా అంచనా వేసినా దోషం ఒక స్థాయికంటె తగ్గదని చెప్పే క్రామెర్–రావు హద్దు, ఉన్న అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఆ వ్యాసం నుండే వచ్చాయి. దండేకర్ తరువాత ప్రముఖ ఆర్థికవేత్త అయ్యారు.

6. ఎముకల లెక్క: కేంబ్రిడ్జ్, 1946–1948

రావు తొలి విదేశీ పని కూడా గణిత శాఖ నుండి రాలేదు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో హెన్రీ వెల్‌కమ్ 1910–1914 మధ్య జరిపించిన తవ్వకాల్లో పెద్దసంఖ్యలో మానవ అస్థిపంజరాలు లభించాయి. వాటిని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో భద్రపరిచారు. ఆ ప్రాచీనులు ఆఫ్రికాలోని ఏ జనసమూహాలకు సన్నిహితులో తేల్చడం మానవశాస్త్రజ్ఞుడు జె.సి. ట్రెవర్ ముందున్న సమస్య. దానికి డి-స్క్వేర్ పద్ధతి తగినదని భావించి, ఆ పద్ధతి తెలిసినవారిని పంపమని మహలనోబిస్‌ను కోరారు. 1946లో రావు, రామకృష్ణ ముఖర్జీ ఆ పనిపై కేంబ్రిడ్జ్ వెళ్లారు. ముఖర్జీ మానవశాస్త్రం నుండి వచ్చి తరువాతి కాలంలో సామాజికశాస్త్రజ్ఞునిగా ప్రసిద్ధులైనవారు.

పగలు మ్యూజియంలో ఎముకల కొలతలతో పని చేస్తూనే రావు కింగ్స్ కళాశాలలో ఫిషర్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరారు. పరిశోధనాంశాన్ని తానే ఎన్నుకోవాలనీ, జన్యుశాస్త్ర ప్రయోగశాలలో కూడా పని చేయాలనీ ఫిషర్ కోరారు. ఆ ప్రకారం ఎలుకల జన్యువులు క్రోమోజోములపై ఏ క్రమంలో ఉన్నాయో గుర్తించే ప్రయోగాల్లో రావు పాలుపంచుకున్నారు. జీవశాస్త్ర వర్గీకరణలోని సాంఖ్యక సమస్యలపై ఆయన సిద్ధాంతగ్రంథానికి 1948లో డాక్టరేటు లభించింది. జెబెల్ మోయాపై ముఖర్జీ, రావు, ట్రెవర్ల ఉమ్మడి గ్రంథం 1955లో వెలువడింది.

రెండు సమూహాలను వేరుచేయడానికి ఫిషర్ రూపొందించిన పద్ధతిని అనేక సమూహాలకు విస్తరించవలసిన అవసరం ఈ పరిశోధన నుండే వచ్చింది. దొరికిన పుర్రె ఏ సమూహానిదో తేల్చడానికి కట్టిన సూత్రమే రోగలక్షణాల ఆధారంగా రోగాన్ని నిర్ణయించడానికీ, భూమి రకాన్ని గుర్తించడానికీ ఉపయోగపడుతుంది. సమస్య ఒక శాస్త్రానిదైనా దాని పరిష్కారపు ఆకృతి అనేక శాస్త్రాలకు చెందుతుందన్న సత్యం రావు విషయంలో ఆయన ఉద్యోగ చరిత్రగానే మారింది. 1949లో, ఇరవై తొమ్మిదేళ్లు నిండకముందే, ఆయన సాంఖ్యక సంస్థలో ఆచార్యులయ్యారు.

7. పేరు లేని గణకులు

వాకర్, ఫిషర్, మహలనోబిస్‌ల చరిత్రలో తరచుగా విస్మరణకు గురయ్యేవారు గణకులు. ఒక డి-స్క్వేర్ విలువ కట్టాలంటే కొలతలన్నింటి మధ్య సంబంధాలను జతజతగా లెక్కించాలి. పది కొలతలుంటే నలభై అయిదు జతలు. ప్రతి జతకూ వందలాది మనుషుల అంకెలను గుణించి కూడాలి. చేతితో తిప్పే లెక్కయంత్రాలపై ఈ పని చేసేవారి ఉద్యోగం పేరే కంప్యూటర్. సంస్థ 1956లో దేశంలోకెల్లా మొదటి డిజిటల్ కంప్యూటర్‌ను నెలకొల్పే వరకు లెక్కల భారమంతా వీరిదే.

గణకుల పనికి వేతనం ఉంది, రచయితల వరుసలో స్థానం లేదు. ఒకరు లెక్క కట్టి మరొకరు తనిఖీ చేసే క్రమశిక్షణ లేకపోతే ఆనాటి నమూనాలకు విశ్వసనీయత ఉండేది కాదు. నమూనా నిర్మాణపు ఉద్యోగాల చరిత్రను ఆచార్యుల చరిత్రగా మాత్రమే రాస్తే ఆ శ్రమ విభజన కనిపించదు. నేడు యంత్రానికి కావలసిన దత్తాంశాన్ని సేకరించి, శుభ్రపరచి, గుర్తులు పెట్టేవారి స్థితి కూడా దీనికి భిన్నమైనది కాదు.

8. సంస్థలోకి వచ్చిన ఇతర శాస్త్రాలు

1950 నాటికి సంస్థ తొలి లక్షణంలో ఒక మార్పు వచ్చింది. మొదట్లో గణితజ్ఞులు ఇతర శాస్త్రాల సమస్యల వద్దకు వెళ్లారు. తరువాత ఆ శాస్త్రాల వారినే సంస్థలోకి తీసుకువచ్చారు. సజీవమైన సమస్యలకు దూరమైతే సాంఖ్యకశాస్త్రం ఎండిపోతుందన్న మహలనోబిస్ నమ్మకం దీని వెనుక ఉంది. 1957లో జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ లండన్ వదిలి సంస్థలో చేరారు. అదే కాలంలో లండన్ నుండి వచ్చిన పమేలా రాబిన్సన్ సహకారంతో భూవిజ్ఞాన విభాగం మొదలైంది. ఆ విభాగపు పరిశోధకులు ప్రాణహిత–గోదావరి లోయలో జరిపిన అన్వేషణలో బయటపడిన భారీ డైనోసార్ అవశేషాలకు బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. రెండవ భాగం రవీంద్రుని పేరు. లెక్కల సంస్థ గోదావరి లోయలో ఎముకలు తవ్వడం పైకి విచిత్రంగా తోచినా, జెబెల్ మోయా నుండి చూస్తే అది సహజ పరిణామమే.

హాల్డేన్ వద్ద చేరిన తెలుగువారిలో పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ముఖ్యులు. వృక్షశాస్త్రం చదివిన ఆయన హాల్డేన్‌కు నేరుగా ఉత్తరం రాసి పరిశోధనకు అవకాశం పొందారు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి బంధువుల వివాహాలపై ఆయన చేసిన అధ్యయనాలు 1960–1963 మధ్య అచ్చయ్యాయి. బిడ్డకు తల్లి నుండీ తండ్రి నుండీ ఒకే పూర్వికుని జన్యువు రెండు ప్రతులుగా సంక్రమించే సంభావ్యతను గణిత నమూనా చెబుతుంది. మేనమామ–మేనకోడలు వివాహంలో అది ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల వివాహంలో పదహారింట ఒకటి. కాగితంపై కనిపించే ఈ భిన్నాలకు తెలుగు కుటుంబాల్లో మేనరికం అనే పేరు, ఆచారం, వరసల పిలుపు ముందునుండే ఉన్నాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి తెలుసుకోవడానికి భాష, బంధుత్వ వ్యవస్థ తెలిసినవారు అవసరం. స్థానిక జ్ఞానం నమూనాకు అలంకారం కాదు, ముడిసరుకు. హాల్డేన్ 1961లో సంస్థను వీడారు గాని ఈ పరిశోధన ధోరణి ఆయనతో ఆగిపోలేదు.

9. పరిచయం, ప్రకటన, శిక్షణ

పై ఉదాహరణలన్నింటిలో ప్రవేశమార్గం ఏమిటన్న ప్రశ్న వేస్తే మూడు రీతులు తేలుతాయి.

మొదటిది పరిచయం. ఫిషర్‌ను రస్సెల్ ఎన్నుకున్నారు. రాజచంద్ర బోస్‌ను మహలనోబిస్ గుర్తించారు. ద్రోణంరాజు ఉత్తరానికి హాల్డేన్ స్పందించారు. ఈ రీతిలో శాఖల హద్దులు అడ్డురావు. కొత్త పనికి తగిన మనిషిని పట్టా పేరు చూడకుండా ఎంచుకోవచ్చు. అయితే పరిచయం లేనివారికి ఆ తలుపు ఉన్నట్లే తెలియదు. గుర్తించేవారి దృష్టి ఎంతవరకు వెళితే అవకాశం అంతవరకే.

రెండవది ప్రకటన. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో బహిరంగ ప్రకటన, నిర్దిష్ట అర్హతలు, ఎంపిక సంఘం అనే పద్ధతి బలపడింది. సమానావకాశానికి ఇది తప్పనిసరి. దీనిలో ఉన్న చిక్కు వేరు. అర్హతను ముందుగా రాయాలంటే ఇప్పటికే ఉన్న శాస్త్రాల పేర్లతోనే రాయాలి. ఇంకా పేరు పెట్టని పనికి అర్హత రాయడం కష్టం. సంబంధిత శాస్త్రంలో పట్టా అన్న మాటకు ఏది సంబంధితం, ఏది కాదు అని నిర్ణయించేటప్పుడు పాత శాఖల హద్దులే మళ్లీ వచ్చి నిలుస్తాయి. 1904 నాటి వాకర్‌గాని, 1919 నాటి ఫిషర్‌గాని ఆయా శాస్త్రాల పట్టా అడిగే ప్రకటనకు దరఖాస్తు చేసే స్థితిలో లేరు.

మూడవది శిక్షణ. పరిచయంలోని ఉదారత, ప్రకటనలోని సమానత ఒకచోట చేరేది ఇక్కడే. సాంఖ్యక సంస్థ తరగతిలో గణితం చదివినవారు, ప్రభుత్వ శాఖలు పంపిన ఉద్యోగులు కలిసి కూర్చున్నారు. 1950లో ఆసియా దేశాల వారికోసం అంతర్జాతీయ సాంఖ్యక విద్యాకేంద్రం కలకత్తాలో ఏర్పడింది. 1959 చట్టంతో సంస్థకు పట్టాలు ప్రదానం చేసే అధికారం లభించినప్పుడు రూపొందిన తొలి పాఠ్యప్రణాళికలో సాంఖ్యకశాస్త్రంతోపాటు ఇతర విజ్ఞానశాస్త్రాలకూ చోటు కల్పించారు. శిక్షణ అభ్యర్థిని గతంలో ఏం చదివావని గాక ఇప్పుడు ఏం నేర్చుకోగలవని అడిగింది. రావు 1940లో పోగొట్టుకున్నది ప్రకటిత ఉద్యోగం. 1941లో పొందినది శిక్షణ. ఆయన తరువాతి జీవితమంతా రెండవదాని ఫలితం.

ఈ వాదానికి ఒక అభ్యంతరం రావచ్చు. శిక్షణకాలంలో జీవనం గడవాలి. తొలినాళ్ల శిక్షణ ఎందరికి ఆర్థికంగా అందుబాటులో ఉండేది అన్నది న్యాయమైన ప్రశ్న. అప్రెంటిస్, తాత్కాలిక, పాక్షిక కాలం అనే మాటలు ఈ చరిత్ర పొడవునా కనిపిస్తాయి. ఆ అనిశ్చితిని భరించగలిగినవారే నిలిచారు. భరించలేక వెనుదిరిగినవారి పేర్లు దస్తావేజుల్లోకి ఎక్కలేదు. కనుక శిక్షణతోపాటు జీవనభృతి కూడా ఉన్నప్పుడే అది నిజంగా అందరికీ తెరిచిన తలుపు అవుతుంది.

10. ముగింపు

1904–1961 మధ్య జరిగిన పరిణామాల నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. గణిత నమూనాలకు సంబంధించిన పరిశోధన ఉద్యోగాలు కరవు, పంట, వరద, అస్థిపంజరం, బంధుత్వం వంటి నిర్దిష్ట సమస్యల నుండి పుట్టాయి. అంకెలు పోగుపడి, చదివేవారు లేనిచోట అవి ఏర్పడ్డాయి. శాస్త్రానికి పేరు, పట్టా, శాఖ తరువాత వచ్చాయి. ఆ పనిని మోసిన గణకులకు చరిత్రలో తగిన స్థానం దక్కలేదు. శాఖల మధ్య ప్రయాణాన్ని కొందరి అదృష్టం స్థాయి నుండి పదిమందికి వీలయ్యే మార్గం స్థాయికి తెచ్చింది శిక్షణ తరగతి.

ఈ నిర్ధారణలు మానవీయశాస్త్రాలకు కూడా వర్తిస్తాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు పదాంశ విశ్లేషణ యంత్రం కోసం జరిగిన కృషిలో భాషాశాస్త్రం, వ్యాకరణం, కంప్యూటర్ శాస్త్రం కలిసి పని చేశాయి. విభక్తులు, సంధులు, క్రియారూపాల క్రమాన్ని సూత్రాలుగా కుదించడం కూడా నమూనా నిర్మాణమే. ఆ పనికి వ్యాకరణం చదివినవారు లెక్క నేర్చుకోవాలి, లెక్క తెలిసినవారు వ్యాకరణం నేర్చుకోవాలి. తెలుగు శాఖల్లో నిఘంటువులు, శాసనాలు, తాళపత్రాలు, జానపద కథల సేకరణలు పోగుపడి ఉన్నాయి. రోథమ్‌స్టెడ్ దస్తావేజుల వలెనే అవి చదివేవారి కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిని చదివే ఉద్యోగాలకు రేపు ఏ పేరు పెడతారో ముందుగా చెప్పలేం. ఆ ఉద్యోగం ప్రకటనగా వెలువడే నాటికి దానికి తగినవారు ఉండాలంటే, పట్టా పేరు అడగని శిక్షణ తరగతి ఒకటి అంతకుముందే తెరిచి ఉండాలని 1941 నాటి కలకత్తా అనుభవం తెలియజేస్తున్నది.